రెడ్ డాట్ సైటా, ఎల్‌పీవీఓ స్కోపా? రైఫిల్‌పై ఏది ఎందుకు పనికొస్తుంది

సైనికుల ఫోటోలు, యుద్ధ వార్తల వీడియోలు చూసినప్పుడు రైఫిల్ పైభాగంలో రెండు రకాల పరికరాలు కనిపిస్తుంటాయి. ఒకటి చిన్న డబ్బాలాగా ఉంటుంది. దాదాపుగా అది రెడ్ డాట్ సైట్. ఇంకోటి జానెడు పొడవున్న నల్ల గొట్టం. ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్న ఈ గొట్టాన్ని ఎల్‌పీవీఓ అంటారు. లో పవర్ వేరియబుల్ ఆప్టిక్ అనే మాటకు అది పొట్టి పేరు. దూరంలో ఉన్నదాన్ని పెద్దగా చూపించే శక్తిని ఒకటో నంబర్ దగ్గర మొదలుపెట్టి, అవసరమైనంత వరకు తిప్పి పెంచుకోగలిగే స్కోప్ అని అర్థం.

ఈ రెండింట్లో ఏది తీసుకోవాలనే ప్రశ్న అసలు అమెరికాది. అక్కడ లైసెన్స్ లేకుండానే చాలా రాష్ట్రాల్లో రైఫిల్ కొనుక్కోవచ్చు. టెక్సాస్, ఇల్లినాయ్ లాంటి చోట్ల స్థిరపడ్డ మన తెలుగు, హైదరాబాదీ కుటుంబాల్లో కూడా కొందరు యువకులు రేంజ్‌కు వెళ్తున్నారు, వేటకు వెళ్తున్నారు. వాళ్లకు ఈ ప్రశ్న డబ్బుతో పాటు భద్రతకు సంబంధించినది. ఇక్కడ ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు ఇంకో రకంగా అవసరం. పిల్లాడు షూటింగ్ నేర్చుకుంటానంటే ఏ సైట్ కొనాలో, ఏది కొనకూడదో తెలియాలి. బాబాయి అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో స్కోప్ తేవచ్చా అన్నది కూడా తెలియాలి.

సైట్ చేసే పని ఏంటి?

పాత రైఫిళ్లపై ఇనుప సైట్లు ఉంటాయి. కంటి దగ్గర ఒక గాడి లేదా చిన్న రంధ్రం, గొట్టం చివర ఒక ముల్లు. ఆ రెండింటినీ, దూరంగా ఉన్న గురినీ ఒకే గీత మీదకు తేవాలి. చిక్కు ఎక్కడంటే, మన కన్ను ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. ముల్లు స్పష్టంగా కనిపిస్తే గురి మసకగా ఉంటుంది. వయసు నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు ఆ ముల్లే సరిగా కనిపించదు. రెడ్ డాట్ అయినా, స్కోప్ అయినా తీర్చేది ఈ ఇబ్బందినే. చూడాల్సిన మూడింటిని ఒకటిగా చేస్తాయి.

రెడ్ డాట్ ఎలా పనిచేస్తుంది?

లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. దాని వెలుగు ముందున్న అద్దానికి తగిలి వెనక్కి మన కంట్లోకి వస్తుంది. ఆ అద్దం మీద పూసిన పలుచటి పొర ఎరుపును మాత్రమే వెనక్కి పంపుతుంది, మిగతా వెలుగును లోపలికి రానిస్తుంది. అందుకే అందులోంచి చూస్తే బయటి దృశ్యం కొంచెం నీలంగా అనిపిస్తుంది. వెనక్కి వచ్చే కిరణాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి చుక్క అద్దం మీద ఉన్నట్టు కాకుండా దూరంగా గురి మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. తల కొంచెం అటూ ఇటూ కదిలినా చుక్క గురి మీద నుంచి పెద్దగా జరగదు. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు. దీని అసలు బలం ఇదే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. సినిమాల్లో మనిషి ఛాతీ మీద ఎర్ర చుక్క పడుతుంది కదా, అది లేజర్. రెడ్ డాట్ సైట్ బయటకు ఏ కిరణాన్నీ పంపదు. చుక్క తుపాకీ పట్టుకున్నవాడికి మాత్రమే కనిపిస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. డబ్లిన్‌లో టెలిస్కోపులు తయారు చేసే హోవర్డ్ గ్రబ్ 1900లోనే ఇలాంటి సైట్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత యుద్ధ విమానాల్లో వాడారు. బ్యాటరీతో నడిచే చిన్న రెడ్ డాట్‌ను 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ మార్కెట్లోకి తెచ్చింది. అమెరికా సైన్యం 1997లో అదే కంపెనీ సైట్‌ను ఎం68 పేరుతో తీసుకుంది. అప్పటి నుంచి మామూలు సైనికుడి రైఫిల్ మీదకు ఎలక్ట్రానిక్ చుక్క వచ్చేసింది.

చుక్క పరిమాణాన్ని ఎంఓఏలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 2.9 సెంటీమీటర్లు. 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్ల చోటును, 300 మీటర్ల దగ్గర 17 సెంటీమీటర్లకు పైగా చోటును కప్పేస్తుంది. 4 ఎంఓఏ అయితే 300 మీటర్ల దగ్గర దాదాపు 35 సెంటీమీటర్లు. అంటే పెద్ద చుక్క త్వరగా కంటపడుతుంది గానీ దూరం వెళ్లేకొద్దీ గురినే మూసేస్తుంది.

ఎల్‌పీవీఓ ఎలా పనిచేస్తుంది?

ఇది నిజమైన దూరదర్శిని. లోపల కటకాల వరుస ఉంటుంది. బయట ఉన్న రింగు తిప్పితే ఆ కటకాలు జరిగి దృశ్యం పెద్దదవుతుంది. 1-4, 1-6, 1-8, 1-10 అని రాసి ఉండేది ఈ శక్తి గురించే. 1-6 స్కోప్‌ను ఆరు దగ్గర పెట్టి 300 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని చూస్తే, మామూలు కంటితో 50 మీటర్ల దగ్గర చూసినట్టు ఉంటుంది. ఒకటి దగ్గర పెడితే ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది, రెడ్ డాట్‌లా వాడుకోవచ్చు.

దీని మూలం యూరప్ అడవుల్లో ఉంది. జర్మనీ లాంటి దేశాల్లో అడవి పందులను తోలుతూ వేటాడేవాళ్లకు దగ్గర్లో పరిగెత్తే జంతువు కోసం తక్కువ శక్తి, దూరంగా నిలబడ్డ జంతువు కోసం ఎక్కువ శక్తి ఒకే స్కోప్‌లో కావాల్సి వచ్చింది. ఆ అవసరంతో వచ్చిన స్కోపులే తర్వాత సైన్యాల చేతికి వెళ్లాయి.

స్కోప్ లోపల కనిపించే గీతలను రెటికిల్ అంటారు. అవి గాజు మీద చెక్కి ఉంటాయి. బ్యాటరీ అయిపోయినా గీతలు నల్లగా కనిపిస్తూనే ఉంటాయి. రెడ్ డాట్‌లో బ్యాటరీ పోతే చుక్క ఉండదు, ఖాళీ గాజే మిగులుతుంది. అందుకే రెడ్ డాట్ వాడేవాళ్లు పక్కన ఇనుప సైట్లు కూడా ఉంచుకుంటారు. అయితే ఇప్పటి మంచి రెడ్ డాట్ల బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టి ఇది మునుపటంత పెద్ద సమస్య కాదు.

లోపాలు కూడా చూద్దాం

ఎల్‌పీవీఓ అమ్మేవాళ్లు ఒకటే స్కోప్‌తో రెండు పనులు అయిపోతాయంటారు. అది సగం నిజం. స్కోప్‌లోంచి చూడాలంటే కన్ను దాని వెనక సరైన దూరంలో, సుమారు 9, 10 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అటూ ఇటూ జరిగితే అంచుల్లో నల్లటి నీడ వస్తుంది. శక్తి పెంచేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది. కారణం లెక్కలోనే ఉంది. ముందు కటకం వెడల్పును శక్తితో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు వస్తుంది. 24 మిల్లీమీటర్ల కటకం, ఆరు శక్తి అయితే 4 మిల్లీమీటర్లు. ఎనిమిది అయితే 3 మిల్లీమీటర్లే. చీకట్లో మన కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. అంటే మగ్రిబ్ వేళ దాటాక ఎనిమిది శక్తి దగ్గర పెడితే దృశ్యం మసకబారుతుంది. శక్తి తగ్గిస్తే మళ్లీ వెలుగు వస్తుంది. ఎక్కువ నంబర్ ఉన్న స్కోపే మంచిదని అనుకోవడం ఇందుకే పొరపాటు.

రెండోది బరువు. చిన్న రెడ్ డాట్ మౌంట్‌తో కలిపి 150 గ్రాముల లోపే ఉండొచ్చు. పేరున్న 1-6 స్కోప్ ఒక్కటే 600 గ్రాముల దాకా ఉంటుంది, మౌంట్ కలిపితే 800 దాటుతుంది. రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాల్చేవాళ్లకు ఇది పట్టదు. రోజంతా భుజాన మోసేవాళ్లకు అది అరకిలోకు పైగా తేడా.

రెడ్ డాట్ లోపం వేరే ఉంది. అది దేన్నీ పెద్దగా చూపించదు. 200 మీటర్ల దూరంలో కదులుతున్నది ఏంటో కంటికి తెలియకపోతే రెడ్ డాట్ కూడా చెప్పలేదు. దాని వెనక మూడు రెట్లు పెంచే మాగ్నిఫయర్ పెట్టుకోవచ్చు, అవసరం లేనప్పుడు పక్కకు మడిచేయొచ్చు. కానీ అలా చేస్తే చుక్క కూడా మూడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది, బరువూ ధరా ఎల్‌పీవీఓ దరిదాపులకు వెళ్తాయి.

ఇంకో విషయం, ఇది దుకాణంలో ఎవరూ చెప్పరు. కంట్లో ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు రెడ్ డాట్ గుండ్రంగా కనిపించదు. తోకచుక్కలా, గుత్తిలా, పగిలిన నక్షత్రంలా కనిపిస్తుంది. చాలామంది సైట్ పాడైపోయిందనుకుని వాపసు ఇస్తారు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఖాళీ రైఫిల్ మీద లేదా విడిగా సైట్‌ను బల్ల మీద పెట్టి, అందులోంచి ఫోన్ కెమెరాతో ఫోటో తీయండి. ఫోటోలో చుక్క గుండ్రంగా ఉంటే తప్పు సైట్‌ది కాదు, కంటిది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే చాలామందికి సరవుతుంది. సరికాకపోతే గాజు మీద గీతలు చెక్కిన స్కోపే వాళ్లకు మంచిది.

రెండింటికీ ఉమ్మడిగా ఒక హెచ్చరిక. సైట్ గొట్టానికి పైన ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 50 మీటర్లకు సరిచేసుకున్న రైఫిల్‌తో 5 మీటర్ల దగ్గర కాలిస్తే బుల్లెట్ చుక్కకు దాదాపు అంతే కింద తగులుతుంది. కొత్తవాళ్లు సైట్ తప్పని అనుకునేది చాలాసార్లు ఇక్కడే.

సైన్యాలు ఏం ఎంచుకున్నాయి?

అమెరికా మెరైన్ దళం 2020 ఫిబ్రవరిలో ట్రిజికాన్ కంపెనీ 1-8 స్కోప్‌ను తీసుకుంది. దాదాపు 19,000 స్కోపులకు 6 కోట్ల 40 లక్షల డాలర్ల కాంట్రాక్టు అది. 2022 జనవరిలో అమెరికా సైన్యం ఇంకో అడుగు ముందుకేసింది. వోర్టెక్స్ తయారు చేసే ఎక్స్‌ఎం157 పరికరాన్ని పదేళ్లలో 2,50,000 వరకు కొనేందుకు 270 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం చేసుకుంది. అదీ మూలంలో 1-8 స్కోపే. అందులోనే దూరం కొలిచే లేజర్, బుల్లెట్ ఎంత కిందకు దిగుతుందో లెక్కకట్టే కంప్యూటర్ కలిపారు.

సైన్యాలు స్కోపుల వైపు మళ్లడానికి దూరంగా కాల్చడం ఒక్కటే కారణం కాదు. కాల్చకుండా ఉండడం కూడా కారణమే. ఎదురుగా ఉన్న మనిషి చేతిలో ఉన్నది ఆయుధమా, పారా, మొబైలా అన్నది తెలుసుకోవడానికి దృశ్యం పెద్దగా కనిపించాలి. ఇళ్ల మధ్య జరిగే యుద్ధాల్లో ఒక కుటుంబం ప్రాణాలు ఆ తేడా మీదే ఆధారపడి ఉంటాయి. అయితే గాజు ఎంత మంచిదైనా నిర్ణయం మనిషిదే. పరికరం చూపించగలదు గానీ న్యాయం చెప్పలేదు.

పేరున్న కంపెనీ అయితే చాలనుకోవడమూ సరికాదు. హోలోగ్రాఫిక్ సైట్లు చేసే ఈఓటెక్ మీద అమెరికా ప్రభుత్వం దావా వేసింది. తీవ్రమైన చలి, వేడి, తేమలో సైట్ గురి తప్పుతుందని తెలిసినా చెప్పకుండా సైన్యానికి అమ్మారన్నది ఆరోపణ. 2015 నవంబర్‌లో 2 కోట్ల 56 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని ఆ కేసును పరిష్కరించుకున్నారు.

గొట్టం మీద బైబిల్ నంబర్లు

ముస్లిం పాఠకులకు గుర్తుండాల్సిన ఇంకో ఘటన కూడా ఈ స్కోపుల చరిత్రలో ఉంది. 2010 జనవరిలో అమెరికా టీవీ సంస్థ ఏబీసీ న్యూస్ ఒక విషయం బయటపెట్టింది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో అమెరికా సైనికులు వాడుతున్న ట్రిజికాన్ సైట్ల మీద మోడల్ నంబర్ చివర బైబిల్ వాక్యాల సంఖ్యలు చెక్కి ఉన్నాయి. ఉదాహరణకు ఏకాగ్ అనే నాలుగు శక్తి స్కోప్ మీద యోహాను సువార్త 8వ అధ్యాయం 12వ వాక్యాన్ని సూచించే అక్షరాలు, అంకెలు ఉండేవి. వ్యవస్థాపకుడు ఉన్న కాలం నుంచీ ఇది తమ అలవాటని కంపెనీ చెప్పింది.

ముస్లిం దేశాల్లో ఉన్న సైనికులు మత ప్రచారం చేయకూడదని అమెరికా సైన్యం నిబంధనే ఉంది. అమెరికాలోని ముస్లిం సంస్థలతో పాటు సైన్యంలో మత స్వేచ్ఛ కోసం పనిచేసే సంస్థ కూడా అభ్యంతరం చెప్పింది. న్యూజిలాండ్ సైన్యం ఆ అక్షరాలను తొలగిస్తామని ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ దిగివచ్చింది. ఇకపై సైన్యానికి ఇచ్చేవాటి మీద చెక్కబోమని, ఉన్నవాటిని చెరిపేసేందుకు కిట్లు ఉచితంగా ఇస్తామని తెలిపింది. ప్రశ్నించినవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారన్నది ఇక్కడ మరిచిపోకూడదు.

మన దగ్గర సంగతి

భారత సైన్యం 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చింది. 2024లో మరో 73,000కు ఒప్పందం కుదిరింది. హైదరాబాద్‌కు కూడా ఈ రంగంతో సంబంధం ఉంది. డీఆర్‌డీఓతో కలిసి హైదరాబాద్ కంపెనీ ద్వీప ఆర్మర్ తయారు చేసిన ఉగ్రం రైఫిల్‌ను 2024 జనవరిలో ఆవిష్కరించారు. నాలుగు కిలోల లోపు బరువు, 500 మీటర్ల పరిధి దాని లక్ష్యాలు. అస్మి అనే చిన్న మెషిన్ పిస్టల్‌ను తయారు చేసేది కూడా హైదరాబాద్‌లోని లోకేష్ మెషిన్స్ కంపెనీయే. ఇప్పటి ఆయుధాల పైభాగంలో పికటినీ రైల్ అనే గాళ్ల పట్టీ ఉంటుంది. 1995లో అమెరికా సైన్యం ఖాయం చేసిన కొలత అది. ఆ పట్టీ ఉంటే ఏ కంపెనీ సైట్ అయినా బిగించుకోవచ్చు.

పిల్లలు షూటింగ్ నేర్చుకుంటామంటే

ఇక్కడే చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటాయి. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో రెడ్ డాట్‌కూ, ఎల్‌పీవీఓకూ రెండింటికీ అనుమతి లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. దానిమీద ఉండేది చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. ఏ పెంచే కటకం లేకుండా దాన్ని కొట్టడమే అక్కడి విద్య.

కాబట్టి పిల్లల కోసం ఆన్‌లైన్‌లో స్కోప్ కొనే ముందు ఆగండి. కోచ్‌ను అడగండి. మొదట్లో క్లబ్ రైఫిల్‌తోనే నేర్పిస్తారు. స్కోపులు, రెడ్ డాట్‌లు వాడే పోటీలు వేరే ఉన్నాయి. ఐపీఎస్‌సీ రైఫిల్ పోటీల్లో ఓపెన్ విభాగంలో వాటికి అనుమతి ఉంటుంది, స్టాండర్డ్ విభాగంలో ఉండదు.

సూట్‌కేసులో స్కోప్ వద్దు

అమెరికాలో స్కోప్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. అంతమాత్రాన దేశం దాటించొచ్చని కాదు. రైఫిల్ సైట్లు, స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. అనుమతి అవసరమా కాదా చూడకుండా బట్టల మధ్య పెట్టి పంపితే అది నేరం కావచ్చు. ఇక్కడ దిగాక కస్టమ్స్ ప్రశ్నలు వేరే. "చిన్న వస్తువే కదా భాయ్, తీసుకురా" అని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒక యువకుడి వీసా, ఉద్యోగం, చదువు కంటే స్కోప్ విలువైనది కాదు.

మన దేశంలో తుపాకులకు 1959 ఆయుధాల చట్టం వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి గరిష్ఠంగా రెండు తుపాకులకే లైసెన్స్ పొందగలడు. గుర్తింపు పొందిన క్రీడాకారులకు మాత్రం మినహాయింపులున్నాయి. సైన్యం వాడే తరహా రైఫిళ్లు మామూలు పౌరులకు ఇవ్వరు.

చివరికి ఏది?

అమెరికాలో చట్టబద్ధంగా రైఫిల్ ఉన్నవాళ్ల కోసం క్లుప్తంగా:

50 మీటర్ల లోపే ఎక్కువగా కాల్చేవాళ్లకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెడ్ డాట్. తేలిక, వేగం, నేర్చుకోవడం సులువు. 150, 200 డాలర్లలో పనికొచ్చేవి దొరుకుతాయి.

50 నుంచి 200 మీటర్ల మధ్య రెండూ నడుస్తాయి. కంట్లో ఆస్టిగ్మాటిజం ఉంటే ఎల్‌పీవీఓ, బరువు మోయలేకపోతే రెడ్ డాట్.

200 మీటర్లు దాటితే, వేటకు వెళ్తే ఎల్‌పీవీఓ. 1-6 చాలామందికి సరిపోతుంది. అయితే మౌంట్‌కు వేరే డబ్బు పెట్టుకోవాలి. స్కోప్‌కు 400 డాలర్లు పెట్టి 20 డాలర్ల మౌంట్ మీద బిగిస్తే మొత్తం 420 డాలర్లూ వృథా. సైట్ కదిలితే గురి కూడా కదులుతుంది. బడ్జెట్‌లో కొంత భాగం బుల్లెట్లకూ, శిక్షణకూ మిగలాలి.

వేటకు వెళ్లేవాళ్లకు ఇంకో రెండు మాటలు. బుల్లెట్‌తోనే చనిపోయిన జంతువు హలాలా కాదా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ప్రాణం ఉండగానే చేరుకుని జబహ్ చేయాలన్నది చాలామంది హనఫీ ఉలమాల మాట. బయల్దేరే ముందే మీ ఆలిమ్‌ను అడగండి. రెండోది అందరికీ వర్తిస్తుంది. దూరంగా కదులుతున్నది ఏంటో చూడ్డానికి స్కోప్ వాడకండి, బైనాక్యులర్ వాడండి. స్కోప్ ఎటు తిరిగితే గొట్టం కూడా అటే తిరుగుతుంది. పొదల వెనక ఉన్నది జింక కాకుండా ఎవరి బిడ్డో అయితే, తర్వాత ఎంత మంచి గాజు ఉన్నా లాభం లేదు.